ఆడనివాడి తల

డాన్ జిమ్మర్ పేరు వెతికితే ఒక ఫొటో కచ్చితంగా కనిపిస్తుంది. 1999 అక్టోబరు నాటిది. న్యూయార్క్ యాంకీస్ డగౌట్‌లో అరవై ఎనిమిదేళ్ల బొద్దు మనిషి ఒకాయన ఉంటాడు. ఒంటి మీద జట్టు యూనిఫామ్. నెత్తిన మాత్రం యుద్ధంలో సిపాయిలు పెట్టుకునే హెల్మెట్, దాని మీద యాంకీస్ గుర్తు. అంతకుముందు మ్యాచ్‌లో వాళ్ళ జట్టువాడే, చక్ నాబ్లాక్, కొట్టిన ఫౌల్ బాల్ డగౌట్‌లోకి దూసుకొచ్చి ఈయన తల పక్కన తగిలింది. తర్వాతి మ్యాచ్‌కి ఈ వేషంలో వచ్చాడు. చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు.

ఆ నవ్వు పుట్టించే హక్కు జిమ్మర్‌కి ఉంది. 1953లో, ఇరవై రెండేళ్ల వయసులో, చిన్న లీగ్‌లో బాటింగ్ చేస్తుంటే బంతి తలకి తగిలి దాదాపు రెండు వారాలు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. డాక్టర్లు పుర్రెకి రంధ్రాలు పెట్టి బతికించారు. కాబట్టి అది ఊరికే చేసిన జోకు కాదని అక్కడ అందరికన్నా ఆయనకే బాగా తెలుసు.

నా ఆలోచన ఆ నవ్వు గురించి. బాటర్ హెల్మెట్ పెట్టుకుంటే ఎవరూ నవ్వరు. కాచర్ ముసుగు, ఛాతీ కవచం, మోకాలి చిప్పలతో నైజాం కాలం సిపాయిలా దిగినా ఎవరూ నవ్వరు. అదే హెల్మెట్ ఆడనివాడి నెత్తిన కనిపిస్తే చాలు, నవ్వొస్తుంది. వీడికెందుకు? వీడేమన్నా ఆడుతున్నాడా?

బేస్‌బాల్ చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నాలుగు మూలల చదరం, ఒక్కో వైపు 90 అడుగులు. ఒక మూల బాటర్ ఉంటాడు, మిగతా మూడు మూలలూ మూడు బేస్‌లు. బాటింగ్ చేసే జట్టు తరఫున మొదటి బేస్ దగ్గర ఒక కోచ్, మూడో బేస్ దగ్గర ఒక కోచ్ నిలబడతారు. పరిగెత్తేవాడికి వీపు వెనక కళ్ళు వీళ్ళు. ఆగు, వెనక్కి దూకు, ఇంకో బేస్‌కి పో, అని చెప్పేది వీళ్ళే. గట్టిగా కొట్టిన బంతి గంటకి 160 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ లెక్కన 90 అడుగులు రావడానికి అర సెకను, ఆపైన ఇంకో రవ్వంత. ఫీల్డరుకి చేతికి గ్లవ్ ఉంటుంది, చూపు బంతి మీదే ఉంటుంది. కోచ్‌వి వట్టి చేతులు. పైగా బంతిని మాత్రమే చూస్తూ కూచుంటే ఆయన ఉద్యోగం ఆయన చెయ్యనట్టు. పరిగెత్తేవాడిని చూడాలి, పిచర్ కాళ్ళు చూడాలి, ఫీల్డర్లు ఎక్కడెక్కడున్నారో చూడాలి. అంటే బంతి మీద నుంచి చూపు తిప్పుకోవడమే ఆయన పని. ఈ ముక్క చాలామందికి తట్టదు. 'జాగ్రత్తగా ఉంటే సరిపోదా?' అంటారు. జాగ్రత్తగా ఉండటం, పని చెయ్యటం అక్కడ ఒకే సెకనులో కుదరవు.

2007 జులై 22న మైక్ కూల్‌బా అలాగే మొదటి బేస్ దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్ల మనిషి. ఆడిన పదిహేడేళ్లూ దాదాపు చిన్న లీగ్‌ల్లోనే గడిచాయి. పెద్ద లీగ్‌లో ఆడింది మొత్తం 44 మ్యాచ్‌లు, 2001లో మిల్వాకీకి, 2002లో సెయింట్ లూయిస్‌కి. ఆట అయిపోయాక టల్సా డ్రిల్లర్స్ అనే జట్టులో కోచ్ ఉద్యోగం దొరికింది. చేరి మూడు వారాలు కూడా కాలేదు. ఇంట్లో ఇద్దరు మగపిల్లలు, భార్య గర్భవతి. ఆర్కన్సా రాష్ట్రంలో, నార్త్ లిటిల్ రాక్‌లో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్. వాళ్ళ జట్టు బాటరే, టీనో సాంచెజ్, కొట్టిన బంతి నేరుగా వచ్చి కూల్‌బా మెడకి, ఎడమ చెవి కింద, తగిలింది. ఉన్నచోటే కూలిపోయాడు. ఆ రాత్రే పోయాడు.

టల్సా అప్పట్లో కొలరాడో రాకీస్‌కి అనుబంధ జట్టు. ఆ ఏడాది రాకీస్ ఎవరూ ఊహించని విధంగా గెలుస్తూ వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు. ఆటగాళ్ళకి దక్కే బోనస్‌లో ఒక పూర్తి వాటా కూల్‌బా భార్యకి ఇవ్వాలని ఓటు వేసి తీర్మానించుకున్నారు. ఆ నవంబరులో జట్ల జనరల్ మేనేజర్లు సమావేశమై ఇంకో నిర్ణయం తీసుకున్నారు: 2008 నుంచి బేస్ కోచ్‌లందరూ హెల్మెట్ పెట్టుకోవాలి.

అందరూ తలూపలేదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి మూడో బేస్ కోచ్‌గా ఉన్న లారీ బోవా బాహాటంగానే అడ్డం తిరిగాడు. జరిమానా కట్టమంటే కడతాను గానీ ఇది పెట్టుకోను అనే దాకా పోయాడు. నాలుగు దశాబ్దాలు మైదానంలోనే గడిపిన మనిషి. ఆయన్ని మొండివాడని కొట్టిపారెయ్యడం తేలికే. కానీ ఆ పక్షాన ఉన్న ఒక మాటకి మాత్రం జవాబు చెప్పుకోవాలి. కూల్‌బాకి బంతి తగిలింది తలకి కాదు, మెడకి. మెడలోంచి మెదడుకి రక్తం తీసుకుపోయే ధమని చితికిపోయింది. కోచ్‌లకి ఇప్పుడు పెట్టుకోమంటున్న హెల్మెట్ ఆ రోజు ఆయన నెత్తిన ఉన్నా బహుశా బతికేవాడు కాదు. మరి ఆయన చావు చూపించి ఈ రూలు పెట్టడం ఏం న్యాయం?

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఫిల్ హ్యూస్. 2014 నవంబరు, సిడ్నీ. మనలో చాలామంది ఆ బంతిని టీవీలో చూశాం, చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాం. హ్యూస్ బాటర్, హెల్మెట్ ఉంది. బంతి హెల్మెట్ అంచు కింద, మెడకి తగిలింది. చితికింది ఆ ధమనే. ఏడేళ్ల తేడాతో, రెండు వేర్వేరు ఆటల్లో, ఒకరు హెల్మెట్‌తో ఒకరు హెల్మెట్ లేకుండా, ఇద్దరూ అదే జానెడు చోట దెబ్బ తిన్నారు. హ్యూస్ పోయాక క్రికెట్ ఏం చేసింది? హెల్మెట్ వల్ల లాభం లేదని తీసి పారెయ్యలేదు. దాని వెనక మెడకి అడ్డుగా చిన్న కవచం తగిలించింది. ఆస్ట్రేలియా 2023 నుంచి తమ దేశవాళీ మ్యాచ్‌ల్లో ఫాస్ట్ బౌలింగ్ ఆడేటప్పుడు దాన్ని తప్పనిసరి చేసింది.

హెల్మెట్ల చరిత్రంతా ఇంతే. ఒక దెబ్బకి ఒక అంగుళం పెరుగుతుంది. 1920 ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకి యాంకీస్ పిచర్ కార్ల్ మేస్ వేసిన బంతి తగిలింది. మర్నాడు తెల్లారేసరికి చాప్‌మన్ లేడు. పెద్ద లీగ్ మ్యాచ్‌లో బంతి తగిలి చనిపోయిన ఆటగాడు ఇప్పటికీ ఆయనొక్కడే. మరి బాటర్లకి హెల్మెట్ పూర్తిగా తప్పనిసరి అయింది ఎప్పుడో తెలుసా? 1971లో. యాభై ఒక్క ఏళ్ళు. అప్పుడు కూడా అలవాటు లేని పాత ఆటగాళ్ళకి మినహాయింపు. బాబ్ మాంట్‌గొమరీ అనే రెడ్ సాక్స్ కాచర్ 1979 దాకా హెల్మెట్ లేకుండానే బాటింగ్ చేశాడు. చెవిని కప్పే రేకు 1983లో తప్పనిసరి అయితే, దానికీ పాతవాళ్ళకి మినహాయింపే. టిమ్ రెయిన్స్ 2002 దాకా ఆ రేకు లేకుండా ఆడాడు.

బాటర్ల విషయంలో యాభై ఏళ్ళు పట్టిన పని కోచ్‌ల విషయంలో నాలుగు నెలల్లో అయిపోయింది. మనుషుల్లో తెలివి పెరిగిందనుకోవచ్చు. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆటగాళ్ళకి బలమైన యూనియన్ ఉంది, వాళ్ళతో మాట్లాడకుండా ఏదీ కదలదు. కోచ్‌లకి అంత బలం లేదు. చెప్పేస్తే పెట్టుకుంటారు. బోవా కోపంలో నాకు న్యాయంగా తోచే భాగం ఇదే: నా తల గురించి నన్నొక్క మాట అడగలేదే అని. కానీ అడగకపోవడం తప్పయినంత మాత్రాన హెల్మెట్ తప్పైపోదు.

నేను ఉండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో తెలుగు వినపడని నిమిషం ఉండదు. టల్సా డ్రిల్లర్స్ ఇప్పటికీ మా ఊరి జట్టుతో ఆడటానికి వస్తుంటారు, రెండూ ఒకే లీగ్‌లో ఉన్నాయి. మా అబ్బాయికి పదేళ్ళు. శనివారాలు బేస్‌బాల్. పిల్లల జట్లకి కోచ్‌లంటే తల్లిదండ్రులే. ఖాళీగా కనిపించినవాడిని పట్టుకుని నిలబెడతారు. అలా రెండు సీజన్ల నుంచి మొదటి బేస్ దగ్గర నా డ్యూటీ. లిటిల్ లీగ్ రూల్స్‌లో ఒక తమాషా ఉంది. బేస్ కోచ్‌గా పిల్లలు నిలబడితే హెల్మెట్ తప్పనిసరి. పెద్దవాళ్ళు నిలబడితే వాళ్ళ ఇష్టం. పదేళ్ళవాడి తల రూలు చూసుకుంటుంది, నలభై దాటినవాడి తల వాడే చూసుకోవాలి.

నేను పెట్టుకుంటాను. మొదటి రోజే కంచె అవతల నుంచి మనవాళ్ళ గొంతు: "ఏంటన్నా, బండి మీదొచ్చావా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మంచి జోకే. మా అబ్బాయి మాత్రం తల తిప్పుకున్నాడు. ఇంటికెళ్ళే దారిలో కార్లో అడిగాడు, "వేరే డాడ్స్ ఎవరూ పెట్టుకోరు కదా నాన్నా, నువ్వొక్కడివే ఎందుకు?" వాడి నెత్తిన హెల్మెట్ ఉంటే వాడు ఆటగాడు. నా నెత్తిన అదే హెల్మెట్ ఉంటే వాడికి పరువు తక్కువ.

ఆ బండి జోకు నన్ను వదల్లేదు. ఎందుకంటే గుంటూరులో మా నాన్న ఇప్పటికీ ఆక్టివా మీదే తిరుగుతారు. ఆయనకి హెల్మెట్ ఉంది. పోలీసులంటే భయంతో మొదలుపెట్టారు, తర్వాత అలవాటైంది. వెనక అమ్మ ఒక పక్కకి తిరిగి కూచుంటుంది, ఒళ్ళో కూరగాయల సంచి, నెత్తిన చీర కొంగు. ఫోన్లో ఎన్నోసార్లు చెప్పాను, వెనక కూచున్నా పెట్టుకోవాలమ్మా, చట్టం కూడా అదే చెప్తోందని. మోటారు వాహనాల చట్టం నిజంగానే నడిపేవాళ్ళకీ వెనక కూచునేవాళ్ళకీ తేడా పెట్టలేదు. అమ్మ పెట్టింది.

"నేనేమన్నా నడుపుతున్నానా? మీ నాన్న పెట్టుకుంటారుగా."

ప్రమాదం నడిపేవాడి సొత్తు అనుకుంటుంది అమ్మ. ఆట ఆడేవాడిది, దెబ్బ కూడా ఆడేవాడిదే అనుకుంటాం మనం. వెనక కూచున్నవాళ్ళు, పక్కన నిలబడ్డవాళ్ళు, లెక్క రాసేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు, వీళ్ళంతా కథలో లేరు కాబట్టి కథలోని కష్టం వీళ్ళ దాకా రాదని ఒక నమ్మకం. తారు రోడ్డుకి ఎవరు ముందు కూచున్నారో తెలియదు.

అంపైర్ల దగ్గరికి వస్తే సంగతి ఇంకా చిక్కు. కాచర్ వెనక నిలబడే అంపైరుకి ముసుగు, కవచాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అవి ఉన్నా సరిపోవు. డేల్ స్కాట్ మూడు దశాబ్దాలు పెద్ద లీగ్‌లో అంపైరింగ్ చేసినవాడు. 2017 ఏప్రిల్‌లో టొరంటోలో ఒక ఫౌల్ టిప్ ముసుగుకి తగిలి మెదడు అదిరింది. అప్పటికి అయిదేళ్లలో అది నాలుగోసారి. మళ్ళీ మైదానంలోకి రాలేదు, ఆ ఏడాది చివర్లో రిటైరయ్యాడు. బేస్‌ల దగ్గర నిలబడే అంపైర్లకైతే గుడ్డ టోపీ తప్ప ఏమీ లేదు. 2025 ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లో మొదటి బేస్ దగ్గరున్న హంటర్ వెండెల్‌స్టెట్‌కి నేరుగా వచ్చిన బంతి తగిలింది. మ్యాచ్ మధ్యలోనే వెళ్ళిపోవాల్సొచ్చింది. ఆయనకి పదడుగుల దూరంలో ఉండే కోచ్ నెత్తిన రూలు ప్రకారం హెల్మెట్, ఆయన నెత్తిన టోపీ. ఆ రెండు తలలకీ తేడా ఏమిటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

అయితే అంపైర్లకి ఒక అసలైన ఇబ్బంది ఉంది. మొదటి బేస్ దగ్గర తీర్పు చెప్పేటప్పుడు అంపైరు చూసేది బేస్‌ని, పరిగెత్తేవాడి పాదాన్ని. బంతి గ్లవ్‌లో పడిందా లేదా అన్నది చూడడు, వింటాడు. రెండు చోట్ల ఒకేసారి చూడలేం కాబట్టి కన్ను పాదానికి, చెవి బంతికి. ఎంత అందమైన పద్ధతి! ఆ చెవుల మీద గట్టి రేకు కప్పితే ఆయన పని సగం పోతుంది. కాబట్టి బాటర్ హెల్మెట్ తెచ్చి అంపైరు నెత్తిన బోర్లిస్తే కుదరదు. కోచ్‌లు చాలామంది చెవి రేకులు లేని రకమే వాడతారు, అంపైర్లకీ అలాంటిదే ఏదో చెయ్యాలి. అంటే హెల్మెట్ వద్దని కాదు. ఆ పని తెలిసినవాళ్ళని అడిగి తయారు చెయ్యమని.

మన ఆటలో ఈ మార్పు సగం వచ్చేసింది. 2015 డిసెంబరులో దిండిగల్‌లో రంజీ మ్యాచ్ జరుగుతుంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అంపైర్ జాన్ వార్డ్ తలకి బంతి తగిలి ఆస్పత్రిలో చేరాడు. నెలన్నర తర్వాత కాన్‌బెరాలో ఇండియా వన్డేకి అంపైరుగా వచ్చాడు, నెత్తిన హెల్మెట్‌తో. టీవీ ముందు మనం నవ్వామా? కొంచెం. రెండు ఓవర్ల తర్వాత మర్చిపోయాం. నవ్వు ఆయుష్షు అంతే. అందుకే నాకు రూలు మీద నమ్మకం. రూలు లేనప్పుడు పెట్టుకున్నవాడు పిరికివాడు. రూలు వచ్చాక పెట్టుకున్నవాడు ఉద్యోగి. బోవా తర్వాత వచ్చిన కోచ్‌లని ఎవరైనా హెల్మెట్ గురించి ఏడిపించడం నేనెప్పుడూ చూడలేదు. రూలు చేసే పెద్ద మేలు పుర్రెకి కాదు, సిగ్గుకి.

హెల్మెట్‌తో అంతా అయిపోతుందని కూడా అనను. 2011 మార్చిలో బ్రేవ్స్ శిక్షణ మ్యాచ్‌లో డగౌట్‌లో ఉన్న లూయిస్ సలజార్ ముఖానికి బ్రయన్ మెకాన్ కొట్టిన ఫౌల్ బాల్ తగిలింది. ఎడమ కన్ను పోయింది. అక్కడ నెత్తిన హెల్మెట్ ఉన్నా ప్రయోజనం లేదు, కంచె కావాలి. సలజార్ ఆ సీజన్‌లోనే తిరిగొచ్చి జట్టుని నడిపించాడు. ప్రేక్షకుల కోసం 2018కల్లా ముప్ఫై మైదానాల్లోనూ డగౌట్‌ల చివరి దాకా వలలు కట్టారు. బాటర్, కాచర్, కోచ్, చివరికి పాప్‌కార్న్ తింటూ కూచునే ప్రేక్షకుడు, ఒక్కొక్కరే ఆ వరసలోకి వచ్చారు. బేస్ దగ్గరి అంపైరు ఒక్కడే మిగిలాడు.

ఇంతకీ బోవా పక్షం వాదనకి నా జవాబు ఏమిటి? నా తల, నా ఇష్టం, మధ్యలో మీకేమిటి? ఈ ప్రశ్నకి చాలాకాలం భౌతికశాస్త్రంలో, ఇన్సూరెన్సులో జవాబు వెతికాను. జవాబు ఇంకోచోట ఉంది.

బంతి దానంతటది రాదు, ఎవరో కొడతారు. టీనో సాంచెజ్ పోర్టోరికో నుంచి వచ్చిన, పెద్ద లీగ్ ఎప్పుడూ చూడని బాటర్. ఆ రోజు తన పని తాను చేశాడు, అంతే. బంతిని బలంగా కొట్టాడు. దానికి ఫలితం తన కోచ్ ప్రాణం. తప్పు కాదని అందరూ చెప్పారు. తప్పు కాదని తెలిసినంత మాత్రాన నిద్ర పట్టదు కదా. కార్ల్ మేస్ పెద్ద లీగ్‌లో 207 మ్యాచ్‌లు గెలిచాడు. వందేళ్ళ తర్వాత ఎవరికైనా ఆయన పేరు తెలుసంటే గెలిచిన ఆ 207 వల్ల కాదు, ఆ ఒక్క బంతి వల్ల. నా తల నాదే. కానీ దానికి తగిలే బంతి ఇంకొకరిది. నేను పోతే ఆ క్షణంతో నాకు అయిపోతుంది, కొట్టినవాడికి అక్కడే మొదలవుతుంది. అమ్మకి ఏదైనా అయితే బండి నడిపింది నాన్న. ఆ మాట అమ్మకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారం చెల్లి ఒక ఫొటో పంపింది: ఆక్టివా వెనక అమ్మ, కొంగు మీద కొత్త హెల్మెట్, మొహంలో బోలెడు కోపం.

మా జట్టులో పదేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఎడమచేతి బాటర్. ఎడమచేతివాళ్ళు లాగి కొట్టే బంతి మొదటి బేస్ వైపే వస్తుంది, అంటే నా వైపు. వయసుకి మించిన బలం. పోయిన నెలలో ఒక బంతిని బాదితే నా చెవి పక్క నుంచి ఈల వేసుకుంటూ పోయి కంచెకి తగిలింది. ఫౌల్. ఆ పిల్ల బంతి ఎటు పోయిందో చూడలేదు, నన్ను చూసింది. బాట్ పట్టుకున్న చేతులు కిందికి దిగిపోయాయి. నేను వేలి కణుపులతో హెల్మెట్ మీద రెండుసార్లు కొట్టి చూపించాను, టకటకా శబ్దం వచ్చేలా. నవ్వింది. మళ్ళీ బాట్ ఎత్తి నిలబడింది. తర్వాతి బంతిని కూడా అంతే గట్టిగా కొట్టింది.